నీట మునిగిన మోటార్లు, మూలపడిన విద్యుత్ సామానులు – బాగుచేసుకొను పద్ధతులు

కృష్ణా డెల్టాలో ఏ రైతు ఇంటికి వెళ్లినను సావిడిలో ఒక మూల పాత సామాను కుప్ప కనిపించును. కాలిపోయినదని విప్పి పెట్టిన మోటారు, మూత లేని స్టార్టరు, ఛార్జి నిలువని బ్యాటరీ స్ప్రేయరు, పలుకని రేడియో, వెలుగని బల్బులు, తిరుగని ఫ్యాను అందులో ఉండును. పాత ఇనుము కొనువాడు బండితో వచ్చినప్పుడు ఇవన్నియు తూకమునకు పోవును. అతడు ఇచ్చు సొమ్ము ఇనుము ధర మాత్రమే. అందులోని రాగి, బాగుగా నున్న బేరింగులు, పనిచేయు రిలేలు, ఇంకను నాలుగేండ్లు నడువగల మోటారు అన్నియు ఆ ధరకే చేతులు మారును. వారము తిరుగక ముందే అదే రైతు పట్టణమునకు పోయి అదే భాగమును కొత్త ధరకు కొనుచుండుట మనము చూచుచున్నాము.

బాగుచేయ వీలున్న వస్తువును గుర్తించుట, బాగుచేయరాని దానిలో పనికివచ్చు భాగములను తీసి దాచుకొనుట, ముట్టరాని దానిని ముట్టక తగినచోటికి పంపుట అను మూడు పనులను గూర్చి ఈ వ్యాసములో వివరింపబడినది. ఇందులో చెప్పిన పనులు చాలవరకు స్క్రూడ్రైవరు, పటకారు, మల్టీమీటరు అను మూడు పనిముట్లతో చేయదగినవి. కొన్ని మాత్రము వైండింగు పని తెలిసిన మేస్త్రీ చేత చేయించవలెను. ఏవి మనము చేయదగినవి, ఏవి మేస్త్రీకి వదలవలసినవి అనునది ఎక్కడికక్కడ చెప్పబడినది.

2024 వరద నేర్పిన పాఠము

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన కుండపోత వర్షమునకు బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురము మొదలగు ప్రాంతములు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. అదే సమయమున ప్రకాశము బ్యారేజీ వద్ద కృష్ణానది 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహముతో పారినది. 2009 అక్టోబరు వరదలో వచ్చిన 10 లక్షల 94 వేల క్యూసెక్కులను కూడ ఇది మించినది. ఇంతటి వరద వచ్చినప్పుడు బ్యారేజీ దిగువన లంకపొలాలలోని మోటారు షెడ్లు, పట్టణములోని ఇండ్లు ఒకే తీరుగా నష్టపోవును.

వరద తీసిన మరునాడు రైతు మొదట చేయు పని మోటారు స్విచ్ వేసి చూచుట. వైండింగు షాపులలో తరచుగా వినిపించు సంభాషణ ఇట్లుండును: “మేస్త్రీ, నీళ్లు కారిపోయినాయి, పైన ఎండింది. ఒక్కసారి ఆన్ చేసి చూద్దామా?” “వద్దు బాబాయ్. ఇప్పుడు వేస్తే వైండింగు అంతా కట్టాలి. రెండు రోజులు ఆగితే కడిగి ఎండబెట్టిన కూలితో పోతుంది.” మేస్త్రీ చెప్పినది అక్షరాల నిజము. నీరు వైండింగును తడుపును గాని వెంటనే కాల్చదు. తడిసియున్న వైండింగులోనికి కరెంటు పంపినప్పుడే అది కాలును. కావున వరద తరువాత మొదటి సూత్రము: తడిసిన ఏ పరికరమునకును ఆరబెట్టి పరీక్షించనిదే కరెంటు ఇవ్వరాదు.

ముందుగా ప్రాణరక్షణ

పని మొదలుపెట్టుటకు ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు క్యారియర్లను ఊడదీసి జేబులో వేసుకొనవలెను. స్విచ్ ఆపిన సంగతి తెలియక ఇంకొకరు దానిని మరల వేయవచ్చును. ఫ్యూజు మన జేబులో ఉన్నచో ఆ భయము లేదు. తడి నేలపై నిలబడి, తడి చేతులతో ఏ బోర్డును ముట్టరాదు. నీరు నిలిచియున్న షెడ్డులోనికి, పంపిణీ సంస్థ వారు ఆ లైనుకు సరఫరా నిలిపినట్లు లైన్‌మన్ ద్వారా తెలిసికొనిన తరువాతనే పోవలెను. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజులు వేయుట, తీయుట రైతు పని కాదు. ఆ పనికి పూనుకొని ప్రాణములు పోగొట్టుకొనిన రైతులను గూర్చి ప్రతి సంవత్సరము వినుచునే యున్నాము.

స్విచ్ ఆపినను కొన్ని భాగములలో కరెంటు నిలువయుండును. కపాసిటర్లు అట్టివి. ఒక పాత 100 వాట్ల తీగ బల్బును హోల్డరులో బిగించి, దానికి రెండు పొడుగు తీగలు కట్టి, ఆ తీగల కొనలను కపాసిటరు రెండు మొనలకు తాకించినచో నిలువయున్న కరెంటు బల్బు ద్వారా ఖర్చగును. తీగలను రబ్బరు తొడుగున్న చోటనే పట్టుకొనవలెను. స్క్రూడ్రైవరుతో రెండు మొనలను కలుపుట అనేకుల అలవాటు. దానివలన నిప్పురవ్వలు లేచి కన్నుకు, కపాసిటరుకు కూడ హాని కలుగును.

నీట మునిగిన మోటారు

బోరులో ఉండు సబ్‌మెర్సిబుల్ మోటారు నీటిలో పనిచేయుటకే తయారైనది. దానికి వరద వలన భయము లేదు, పైనున్న పెట్టె మాత్రమే పాడగును. ఫిల్టరు పాయింట్లపైన, కాలువ గట్లపైన వాడు మోనోబ్లాక్ మోటార్లు, కైకలూరు, ముదినేపల్లి ప్రాంతపు చెరువులలో ఏరియేటర్లు తిప్పు మోటార్లు మునిగినచో ఈ క్రింది క్రమములో పనిచేయవలెను.

మొదట తీగలు విప్పి, ఏ తీగ ఏ మొనకు ఉన్నదో కాగితముపై గీసికొనవలెను. సెల్‌ఫోనుతో ఫోటో తీసికొనుట ఇంకను సులువు. తరువాత మోటారును బురద ఎండక ముందే మంచినీటితో కడుగవలెను. నీటిలో మునిగిన దానిని మరల నీటితో కడుగుటేమని కొందరు సందేహించుదురు. ఒండ్రు మట్టిలో లవణములుండును. నాగాయలంక, కోడూరు వంటి సముద్రతీర మండలములలో ఉప్పు ఇంకను ఎక్కువ. ఆ ఉప్పు వైండింగుపై పొరగా మిగిలినచో గాలిలోని తేమను పీల్చుకొని, ఎండిన తరువాత కూడ కరెంటు కారుటకు దారి యిచ్చును. కావున మోటారు మూతలు విప్పి, రోటరును బయటకు తీసి, కారు నీరు తేటగా వచ్చువరకు కడుగవలెను. నీటిని ధారగా పోయవలెనే గాని, బలమైన ఒత్తిడితో వైండింగు తీగలపైకి కొట్టరాదు.

తరువాతి పని ఆరబెట్టుట. పైన ఎండినట్లు కనిపించిన ధాన్యపు రాశిలో చేయి పెట్టిన లోపల వెచ్చగా, తేమగా ఉండుట రైతుకు తెలిసినదే. కొనుగోలు కేంద్రములో ధాన్యపు తేమ 17 శాతమునకు మించరాదని మీటరు పెట్టి చూచుదురు గాని, పైకి చూచి నమ్మరు. మోటారు వైండింగు కూడ అట్టిదే. తీగచుట్లు గాడులలో దగ్గర దగ్గరగా బిగించబడి యుండుటచే లోపలి తేమ నిదానముగా బయటకు వచ్చును. ఎండబెట్టుటకు మంచి ఎండ చాలును గాని, వరద రోజులలో ఎండ కాయదు. అప్పుడు ఒక పాత ఇనుప డ్రమ్ములోనో చెక్కపెట్టెలోనో మోటారు నుంచి, రెండు లేక మూడు 100 వాట్ల తీగ బల్బులు వెలిగించి, పైన ఆవిరి పోవుటకు రంధ్రములు విడువవలెను. బల్బులు తీగచుట్లకు గాని చెక్కకు గాని తగులరాదు. పెట్టెలోని వేడి 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటకుండ చూచుకొనవలెను. ఒకటి మొదలు మూడు రోజులు పట్టవచ్చును. కట్టెల మంటపై కాచుట, పొయ్యి ప్రక్కన పెట్టుట తగదు. పైపొర మాడి, లోపల తడి అట్లే మిగులును.

ఆరినదో లేదో తెలిసికొనుటకు మెగ్గర్ అను పరికరము అవసరము. ప్రతి వైండింగు షాపులోను ఇది ఉండును. మల్టీమీటరు కొద్ది వోల్టులతో మాత్రమే కొలుచును గనుక అది బలహీనమైన ఇన్సులేషనును పట్టుకొనలేదు. 500 వోల్టుల మెగ్గరుతో వైండింగు తీగకును మోటారు శరీరమునకును మధ్య కొలిచినప్పుడు కనీసము 1 మెగోము రావలెను. అంతకంటె ఎంత ఎక్కువ వచ్చిన అంత మేలు. ఆరబెట్టుట మొదలైన కొత్తలో మోటారు వేడెక్కుటచే ఈ అంకె కొంత తగ్గును. దానికి భయపడనక్కరలేదు. తేమ పోవుకొలది అంకె పెరిగి, చివరకు ఒకచోట నిలుచును. మోటారు చల్లారిన తరువాత కొలిచిన అంకెనే నమ్మవలెను. మూడు ఫేజుల మోటారు అయినచో మూడు చుట్ల నిరోధము ఒకటిగా ఉన్నదో లేదో కూడ చూడవలెను. ఒక చుట్టు వేరుగా ఉన్నచో అది కాలినదని అర్థము.

బేరింగులను విడువరాదు. నీటితో గ్రీజు పాడగును, రెండు మూడు రోజులలోనే త్రుప్పు పట్టును. కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని కడిగి, తుడిచి, చేతితో త్రిప్పి చూడవలెను. గరగర శబ్దము లేనిచో కొత్త గ్రీజు పెట్టి వాడవచ్చును. శబ్దము వచ్చిన మార్చవలెను. రెండు ప్రక్కల మూతలున్న బేరింగులను కడిగి ప్రయోజనము లేదు, మార్చుటయే మంచిది.

మోటారు బిగించి మొదట స్విచ్ వేయునప్పుడు క్లాంపు మీటరుతో కరెంటు చూడవలెను. 5 హెచ్.పి. మూడు ఫేజుల మోటారు పూర్తి భారముతో సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. మూడు తీగలలోను దాదాపు ఒకే అంకె రావలెను.

డీజిల్ ఇంజను మునిగినచో హ్యాండిలు వేసి త్రిప్పరాదు. సిలిండరులో నీరున్నచో అది అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. ఇంజెక్టరు ఊడదీసి, నిదానముగా చేతితో త్రిప్పి, నీరు బయటకు పోయిన తరువాత, ఆయిలు, డీజిలు పూర్తిగా మార్చి అప్పుడు నడుపవలెను.

స్టార్టరు, స్విచ్ బోర్డు

మునిగిన స్టార్టరు విప్పి, కడిగి, ఆరబెట్టి, కాంటాక్టులను మెత్తటి గుడ్డతో తుడిచినచో అనేకసార్లు మరల పనిచేయును. కాంటాక్టులపై నల్లని పొర కనిపించిన ఆకురాయితో గట్టిగా రాయుట పొరపాటు. ఆ మొనలపై వెండి కలిసిన పలుచని పొర ఉండును. అది పోయినచో కాంటాక్టు త్వరగా కాలును. గుంటలు పడి కరిగిన కాంటాక్టులను జతగా మార్చవలెను. ఆయిలు స్టార్టరు అయినచో ఆయిలు మొత్తము పారబోసి, తొట్టి తుడిచి, కొత్త ఆయిలు పోయవలెను.

ఎం.సి.బి.లు, ఆర్.సి.సి.బి.లు, ఫ్యూజులు నీటిలో మునిగినచో ఆరబెట్టి వాడరాదు. ఇవి ప్రాణమును కాపాడుటకు పెట్టినవి. లోపల బురద చేరినచో అవసరమైన క్షణమున తెగవు. పైకి బాగుగనే కనిపించును గనుక మోసపోవుట సులువు. ఇక్కడ పొదుపు చేయదలచుట ప్రాణముతో బేరము. మోటారుకు ఎర్తింగు తీగ, గుంట ఉన్నవో లేవో కూడ ఇదే సమయములో చూచుకొనవలెను.

కాలినది మోటారా, కపాసిటరా?

వరద మాట విడిచి, మామూలు రోజులలో ఆగిపోయిన పరికరముల సంగతి చూతము. మూడు ఫేజుల మోటారు గుయ్‌మని మ్రోగి తిరుగకున్నచో విప్పుటకు ముందు మూడు ఫేజులు వచ్చుచున్నవో లేదో చూడవలెను. ఒక ఫేజు పోయినప్పుడు ఇట్లే మ్రోగును. ఆ స్థితిలో అర నిమిషము కూడ ఉంచరాదు, వైండింగు కాలును.

సింగిల్ ఫేజు మోటారు, సీలింగు ఫ్యాను మొరాయించుటకు అన్నిటికంటె సాధారణమైన కారణము కపాసిటరు. ఫ్యాను సంగతి తెలిసికొనుటకు సులువైన ఉపాయము కలదు. స్విచ్ ఆపి రెక్కను చేతితో త్రిప్పవలెను. సులువుగా తిరిగినచో బేరింగు మంచిది. తరువాత స్విచ్ వేసి, పొడి కర్రతో రెక్కను కొద్దిగా తోయవలెను. తోసిన తరువాత నెమ్మదిగా తిరుగుట మొదలుపెట్టినచో వైండింగు మంచిదే, కపాసిటరు మాత్రము నీరసించినది. ఫ్యానులకు ఎక్కువగా 2.5 మైక్రోఫారడుల కపాసిటరు వాడుదురు. పాత దానిపైనున్న అంకె చూచి అదే కొనవలెను. వోల్టేజి అంకె సమానముగా గాని ఎక్కువగా గాని ఉండవచ్చును, తక్కువ ఉండరాదు. పంపు మోటారును మాత్రము ఈ విధముగా తోసి పరీక్షించరాదు.

టి.వి. పెట్టెలు, ఛార్జర్లు, ఇన్వర్టర్ల బోర్డులపై చిన్న డబ్బాల వంటి కపాసిటర్లు వరుసగా కనిపించును. వీని తల చదునుగా ఉండవలెను. పూరీవలె ఉబ్బినను, గోధుమరంగు జిగురు కారినను అది చెడినదని కంటితోనే తెలియును. బోర్డు మొత్తము పోయినదని పారవేసిన అనేక పరికరములు ఇట్టి ఒక కపాసిటరు మార్చగనే లేచుచున్నవి. మార్చునప్పుడు కూడిక, తీసివేత గుర్తులు తారుమారు కారాదు.

బ్యాటరీ స్ప్రేయరు

స్ప్రేయరు విప్పుటకు ముందు ట్యాంకును, గొట్టములను మూడుసార్లు మంచినీటితో కడిగి, చేతి తొడుగులు వేసికొనవలెను. నెలల క్రిందటి మందు కూడ చర్మము గుండా ఒంటికి పట్టును. కడిగిన నీటిని బోదెలో గాని చెరువులో గాని పోయరాదు.

మోటారు శబ్దము వచ్చి మందు రాకున్నచో దోషము బ్యాటరీది కాదు. జల్లెడ మూసుకొనుట, నాజిల్ పూడుట, గొట్టము బిగింపు వదులై గాలి పీల్చుట ఇందుకు కారణములు. శబ్దమే రాకున్నచో ఫ్యూజు, స్విచ్, బ్యాటరీ తీగల త్రుప్పు చూడవలెను. శబ్దము వచ్చి, ఒక ట్యాంకు కొట్టకముందే నీరసించినచో బ్యాటరీని పరీక్షించవలెను.

ఈ స్ప్రేయర్లలో చాలవరకు 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉండును. దానిలో ఆరు గదులు, గదికి 2 వోల్టుల చొప్పున. పూర్తిగా ఛార్జి చేసి, కొన్ని గంటలు విడిచి మల్టీమీటరుతో కొలిచిన 12.6 మొదలు 12.8 వోల్టుల వరకు రావలెను. రాత్రియంతయు ఛార్జి చేసినను 10.5 దగ్గర నిలిచినచో ఒక గది చనిపోయినది, ఆ బ్యాటరీ మార్చవలసినదే. ఛార్జరును కూడ అనుమానించవలెను. ఈ బ్యాటరీకి 14 వోల్టులకు దగ్గరగా ఛార్జింగు ఇవ్వవలెను. ఇంటర్నెట్ పెట్టెల నుండి మిగిలిన 12 వోల్టుల అడాప్టరు పెట్టి, ఛార్జి ఎక్కలేదని బ్యాటరీని పారవేయుట కొందరు చేయు పొరపాటు.

పంటకాలము ముగియగనే స్ప్రేయరును అటకమీద పడవేసి, మరుసటి తొలకరికి దించుట మన అలవాటు. సీసపు బ్యాటరీని ఖాళీగా ఉంచినచో పలకలపై గట్టి పొర ఏర్పడి ఛార్జి ఎక్కదు. నెలకు ఒకసారి పూర్తిగా ఛార్జి చేసి ఉంచినచో బ్యాటరీ ఇంకొక పంట వచ్చును. ఇన్వర్టరు, ట్రాక్టరు బ్యాటరీలలో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను, యాసిడ్ పోయరాదు. మొనలపై తెల్లగా, పచ్చగా పేరుకొనిన పొరను వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, వ్యాసెలైను రాయవలెను. కడుగునప్పుడు గదుల మూతలు బిగించియుండవలెను.

ఫోను, రేడియో, బల్బు

నీటిలో పడిన సెల్‌ఫోనును బియ్యపు డబ్బాలో పెట్టుట మన ప్రాంతములో గట్టిగా పాతుకొనిన నమ్మకము. బియ్యము ఫోనులోని నీటిని పీల్చదు. తవుడు, పిండి మాత్రము రంధ్రములలో చేరును. ఫోనును వెంటనే ఆపి, సిమ్ ట్రే తీసి, ఛార్జింగు రంధ్రము క్రిందికి వచ్చునట్లు పట్టి మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి కనీసము ఒక రోజు ఉంచవలెను. ఆరునంతవరకు ఛార్జింగు పెట్టరాదు. ఫోను పోవుటకు నీటికంటె ఆ తొందరయే పెద్ద కారణము.

రేడియోను గూర్చి ఒక మాట. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. తుపాను వేళ కరెంటు, సెల్ టవరు రెండును పోయినప్పుడు సెల్లులతో పనిచేయు రేడియో ఒక్కటే వార్త తెచ్చును. కావున పాత రేడియోను తుక్కున వేయరాదు. సెల్లులు కారి, స్ప్రింగులు త్రుప్పు పట్టుటయే దీనికి వచ్చు ప్రధానమైన జబ్బు. మామూలు కార్బన్ సెల్లు కారినచో వంటసోడా నీటిలో ముంచి పిండిన గుడ్డతోను, ఆల్కలైన్ సెల్లు కారినచో నిమ్మరసపు గుడ్డతోను తుడిచి, తరువాత తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. ధ్వని గరగరలాడినచో వాల్యూము మీటను ఇరవై ముప్పై సార్లు అటు ఇటు త్రిప్పిన దుమ్ము వదలును. వాడని రోజులలో సెల్లులు తీసివేయవలెను.

ఎల్.ఇ.డి. బల్బు పైగుండు తీసి చూచిన పసుపు చుక్కలవంటి దీపములు గొలుసుగా కనిపించును. ఒకదానిపై నల్లమచ్చ ఉన్నచో అది కాలి, గొలుసు తెగినదని తెలియవలెను. నల్లమచ్చ దీపమును దాటించి కలిపిన బల్బు మరల వెలుగును గాని, ఎక్కువకాలము నిలువదు. ఈ బల్బు లోపలి భాగములన్నిటిలోను మెయిన్ కరెంటు ఉండును గనుక పని తెలియనివారు ముట్టరాదు.

తుక్కులో దాచుకొనదగినవి

బాగుచేయ వీలులేని పరికరమును తూకమునకు వేయుటకు ముందు కొన్ని భాగములను విప్పి ఉంచుకొనుట లాభము.

బేరింగులు: వీని అంచున 6204, 6205 వంటి సంఖ్య చెక్కియుండును. చివరి రెండు అంకెలను 5తో గుణించిన లోపలి రంధ్రము మిల్లీమీటర్లలో వచ్చును. 6204కు 20, 6205కు 25, 6206కు 30 మిల్లీమీటర్లు. ఈ లెక్క తెలిసినచో పాత మోటారు బేరింగు దేనికి సరిపోవునో ఇంటివద్దనే తెలిసికొనవచ్చును.

అడాప్టర్లు: ప్రతి అడాప్టరుపై వోల్టులు, ఆంపియర్లు వ్రాసియుండును. వేరొక పరికరమునకు వాడునప్పుడు వోల్టులు సమానముగా ఉండవలెను, ఆంపియర్లు సమానముగా గాని ఎక్కువగా గాని ఉండవలెను, ప్లగ్గుపై కూడిక, తీసివేత గుర్తులు కలియవలెను.

అయస్కాంతములు: పాత స్పీకరు వెనుక నల్లని చక్రమువంటి అయస్కాంతము ఉండును. దీనిని దాణా పోయు గంపలోను, చొప్ప నరకు మిషను క్రింది తొట్టి అంచునను అమర్చినచో అందులోని మేకులు, తీగముక్కలు దానికి అంటుకొనును. పశువులు మేతతోపాటు మింగిన తీగముక్క కడుపులో గుచ్చుకొని గుండెవరకు పోయి పశువు చనిపోవుట పశువైద్యులకు తెలిసిన సంగతి. వారమునకొకసారి అయస్కాంతమును తుడిచిన చాలును. మోటార్లు విప్పిన చోట రాలిన తీగముక్కలను ఏరకుండ గొడ్ల సావిడిలో విడువరాదు.

సోలారు పలకలు: 12 వోల్టుల తరగతి పలకను ఎండలో ఉంచి కొలిచిన సుమారు 20 వోల్టులు రావలెను. వచ్చినచో పాతదైనను ఒక దీపమునకు, కంచె బ్యాటరీకి పనికివచ్చును. అద్దము పగిలిన పలకలో కూడ కరెంటు పుట్టును గనుక తడిగా ఉన్నప్పుడు ముట్టరాదు.

స్టార్టరు కాంటాక్టులు, రిలేలు, టెర్మినల్ పట్టీలు, మరలు కూడ ఒక డబ్బాలో వేసి పైన పేరు వ్రాసి ఉంచవలెను. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత లారీలను విప్పి, ప్రతి భాగమును వేరుచేసి, బాగుచేసి తిరిగి వాడకమునకు తెచ్చుటయే వేలమందికి జీవనాధారమైనది. అక్కడి మేస్త్రీలు ఏ మరను తేలికగా పారవేయరు. ఆ అలవాటు ప్రతి రైతు ఇంటికి రావలెను.

ముట్టరానివి

మైక్రోవేవ్ పొయ్యి మూత విప్పరాదు. దాని ట్రాన్స్‌ఫార్మరు రెండువేల వోల్టులకు పైగా ఇచ్చును, ప్లగ్గు తీసిన తరువాత కూడ కపాసిటరు చంపగలదు. పాత పెద్దగుండు టి.వి. గాజుబుడ్డిలో ఇరవై వేల వోల్టులు నిలువయుండవచ్చును, ఆ గాజులో సీసము కూడ కలదు. ఉబ్బిన ఫోను బ్యాటరీ, లాప్‌టాప్ బ్యాటరీ, నీటిలో మునిగిన లిథియం బ్యాటరీ ఎప్పుడు మండునో చెప్పలేము. వానిని ఛార్జి చేయక, గుచ్చక, ఇంటికి దూరముగా ఇసుక పోసిన ఇనుప పాత్రలో ఉంచవలెను. ట్యూబులైట్లు, సి.ఎఫ్.ఎల్. బల్బులలో పాదరసము ఉండును, పగులగొట్టరాదు.

కాల్చరాదు, కాలువలో వేయరాదు

రాగి తీగపై ప్లాస్టిక్కు తొడుగును మంటపెట్టి తీయుట చాలచోట్ల కనిపించు దురలవాటు. ఆ పొగలో ఊపిరితిత్తులను కాల్చు ఆమ్లవాయువు, డయాక్సినులను విషములు పుట్టును. కాలిన రాగికి నల్లరంగు వచ్చి ధర కూడ తగ్గును. చెక్కముక్కపై బ్లేడు బిగించి తీగను లాగినచో తొడుగు చీలి వచ్చును, రాగి మెరయును.

పాత బ్యాటరీని పగులగొట్టి సీసము తీసి యాసిడ్‌ను మురుగుబోదెలో పోయుట అంతకంటె పెద్ద పాపము. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ విజయవాడ గుండా పారి డెల్టా పొలములను తడుపుచున్నవి. ఈ కాలువల నీటితోనే అనేక గ్రామములు మంచినీటి చెరువులు నింపుకొని, కాలువలు కట్టివేసిన వేసవి నెలలలో త్రాగుచున్నవి. సీసము నీటిలోను, మట్టిలోను కరిగి పోవునది కాదు. పిల్లల మెదడు ఎదుగుదలను అది కుంటుపరచును. ఇంత మేరకు హాని లేదని చెప్పదగిన మోతాదే సీసమునకు లేదు. పాత బ్యాటరీని పగులకుండ అమ్మకపు దుకాణమునకు తిరిగి యిచ్చిన కొత్తదాని ధరలో తగ్గింపు వచ్చును. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు వాడిన సరకును తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపైన ఉంచినవి.

గ్రామోద్యోగులు చేయదగిన పని

పంచాయతీ కార్యాలయములో ఒక గది మూలను మూత ఉన్న రెండు డ్రమ్ములు పెట్టి, ఒకదానిలో పాత ఫోనులు, బోర్డులు, ఛార్జర్లు, మరొకదానిలో ఇసుకతో లిథియం బ్యాటరీలు వేయించవలెను. ట్యూబులైట్లను పగులకుండ వేరుగా నిలబెట్టవలెను. నిండినప్పుడు కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థకు పంపి రశీదు పుచ్చుకొనవలెను. నాట్లకు ముందు ఒక రోజు వైండింగు మేస్త్రీని పిలిపించి, మెగ్గరుతో ఊరి మోటార్లన్నిటిని పరీక్షింపజేసినచో కాలబోవు మోటార్లు ముందే బయటపడును. నారుమడి ఎండు సమయములో మోటారు కాలిన రైతుకు కలుగు నష్టముముందు మేస్త్రీ కూలి ఏపాటి?

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి:

1. తడిసిన పరికరమునకు కరెంటు ఇవ్వరాదు. కడుగుట, ఆరబెట్టుట, కొలుచుట, తరువాతనే స్విచ్.

2. పని చేయునప్పుడు ఫ్యూజులు జేబులో ఉండవలెను.

3. మోటారు కాలినదనుకొనుటకు ముందు ఫేజులు, కపాసిటరు, బేరింగు చూడవలెను.

4. మునిగిన ఎం.సి.బి.ని, ఆర్.సి.సి.బి.ని తప్పక మార్చవలెను.

5. స్ప్రేయరు బ్యాటరీకి నెలకొకసారి ఛార్జింగు పెట్టవలెను.

6. తీగలు కాల్చరాదు, బ్యాటరీ యాసిడ్ నేలపై పోయరాదు.

ఈ వ్యాసము చదివిన రైతు సోదరులు ఈ ఆదివారము సావిడి మూలనున్న కుప్పను ఒకసారి విప్పి చూతురు గాక. అందులో ఒక మోటారైనను మరల నీరు తోడవచ్చును.